జంట అక్షరాల పావు అణా

(విజయవాడ ఆటోనగర్. ప్రెస్సులు ఆగిన ఆదివారం మధ్యాహ్నం. వర్క్‌షాపు బల్ల మీద 1940 నాటి కంచు పావు అణా, పక్కన భూతద్దం. బావకు నాణేల పిచ్చి. బావమరిదికి డైలు, అంటే లోహం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చులు, చేయడం వృత్తి. వన్‌టౌన్‌లో పాత ఇత్తడి సామాన్ల మధ్య నాణేన్ని ఏరి, 300 రూపాయలు పోసి తెచ్చింది బావమరిదే.)

బావమరిది: చూడు బావా, ‘ఇండియా’ అన్న ఇంగ్లీషు అక్షరాలన్నీ జంటగా ఉన్నాయి. డబుల్ డై! ఇన్నేళ్లుగా వెతుకుతున్నా నీకు దొరకనిది నా చేతికి చిక్కింది.

బావ: జంటగా ఉన్న మాట నిజమే. డబుల్ డై, అంటే డైలోనే బొమ్మ రెండుసార్లు దిగిన నాణెం, మాత్రం కాదు. ప్రెస్సులో డై వదులై, దెబ్బ పడగానే కదిలింది. అప్పుడే అచ్చయిన అక్షరాన్ని పక్కకు ఈడ్చింది. దీని విలువ పావు అణాయే.

బావమరిది: కదిలింది టంకశాలలోనే కదా, నా బల్ల మీద కాదుగా? డై చేసినవాడి తప్పుకు వేలూ లక్షలూ, ప్రెస్సు నడిపినవాడి తప్పుకు పైసలా? ఈ పంక్తిభేదం ఎవరు పెట్టారు?

బావ: డైలు చేసేవాడివి, నీకు నేను చెప్పాలా? పాత పద్ధతిలో హబ్ అనే ఉక్కు అచ్చుతో డై మీద ఒక్కసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగదు. నొక్కుడుకు డై గట్టిపడుతుంది. కాల్చి మెత్తబరచి మళ్లీ హబ్ కింద పెడతారు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు తిరిగిందా, డైలోనే రెండు బొమ్మలు ఉండిపోతాయి. ఇక ఆ డై కొట్టిన ప్రతి నాణెం అదే జంటతో పుడుతుంది. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో లింకన్ బొమ్మ ఉన్న సెంటుకు జరిగింది అదే. 20 వేలకు పైగా నాణేలు చలామణిలోకి జారుకున్నాయి. సిగరెట్ పెట్టెలు అమ్మే యంత్రాల్లో చిల్లరగా కూడా జనం చేతికి వచ్చాయట.

బావమరిది: అయితే నీ లెక్క నాకు తలకిందులుగా కనిపిస్తోంది. వదులైన డై వరసగా నాలుగు దెబ్బలు ఒకే తీరున పడవచ్చు, ఆ తర్వాత తీరు మారుతుంది. మా ప్రెస్సుల దగ్గర చూస్తూనే ఉంటాను. అంటే నాది లోకంలో మూడో నాలుగో ఉంటాయి. నీది 20 వేలు. ఏది అరుదు?

బావ: కింద పడి పగిలిన కుండలు కూడా ఏ రెండూ ఒకలా ఉండవు. ఎవరైనా కొంటారా?

బావమరిది: కుండ సంగతి అలా ఉంచు. తేడా కంటికి చూపించు.

బావ: ‘ఎన్’ అక్షరం చూడు. పక్కనున్న రెండో గీత ఎలా ఉంది?

బావమరిది: మెట్టులా ఉంది. నేలకు అతుక్కుని, చదునుగా, మెరుస్తూ.

బావ: అసలు అక్షరం లావెక్కిందా, చిక్కిందా?

బావమరిది: (చాలాసేపు చూసి) చిక్కింది. మెట్టు దాని ఒంట్లోంచే కోసినట్టుంది.

బావ: డబుల్ డైలో అలా కోసుకోవలసిన పని లేదు. రెండు బొమ్మలకూ డైలో లోతు ఉంది కాబట్టి రెండూ గుండ్రంగా ఉబ్బి నిలుస్తాయి. అక్షరం మొత్తం మీద వెడల్పవుతుంది. గీతల చివర్లు పాము నాలుకలా చీలి ఉంటాయి. ఇంకోటి, దీపం కింద నాణేన్ని కదలకుండా పట్టుకుని చూడకు. తిప్పుతూ చూడు. నీ మెట్టు ఒక కోణంలో తళుక్కుమంటుంది, మరో కోణంలో కనిపించకుండా పోతుంది.

బావమరిది: సరే, మరి అరిగిన డై మాటేమిటి? అక్షరాల అంచులు కరిగి చుట్టూ నీడలాంటి ఉబ్బు లేస్తుంది. ఆ తప్పు డైలోనే ఉంది. నాణెం తర్వాత నాణెంలోనూ వస్తుంది. నీ షరతులు రెండూ తీరాయి కదా!

(ఇక్కడ మార్కులు బావమరిదికే వేయాలి. బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.)

బావ: మంచి దెబ్బే. ఆ 1955లోనే చివరి 5 పక్కన నీడ తేలిన సెంట్లూ ఉన్నాయి. వాటిని ‘పేదవాడి డబుల్ డై’ అంటారు. విలువ అంతంతమాత్రం. ఆ నీడ డైకి వయసు మీద వచ్చింది. అదే డై కొట్టిన తొలి నాణేల్లో కనిపించదు, పోనుపోను ముదురుతుంది.

బావమరిది: పుట్టుమచ్చకు కట్నం ఇస్తారు, ముడతలకు ఇవ్వరు. అంతేగా మీ శాస్త్రం?

బావ: అలాగే అనుకో.

బావమరిది: మరి మన శాతవాహనుల కాలంలో హబ్బులూ ప్రెస్సులూ ఎక్కడివి? సుత్తితో రెండు దెబ్బలు వేస్తే, మధ్యలో నాణెం కదిలితే బొమ్మ జంటగానే పడుతుంది కదా?

బావ: పడుతుంది. అది రెండుసార్లు కొట్టిన నాణెం, డైలో ఉన్నది ఒక్క బొమ్మే. అంతెందుకు, గౌతమీపుత్ర శాతకర్ణి అయితే నహపాణుడి వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన నిధిలో 13 వేలకు పైగా నాణేలుంటే, వాటిలో 9 వేలకు పైగా అటువంటివే. ఒకే నాణెం మీద ఓడిన రాజు, గెలిచిన రాజు! కంటికి రెండు కనిపించాయని అన్నిటికీ ఒకే పేరు పెడితే, ఆ గెలుపునూ నీ వదులు బోల్టునూ ఒకే గాటన కట్టినట్టే.

బావమరిది: బోల్టు వదులని నువ్వంటున్నావు, నేను ఇంకా ఒప్పుకోలేదు. డబుల్ డై కొట్టిన ప్రతి నాణెం అదే జంటతో పుడుతుందన్నావు కదా, అంటే అచ్చం అలాంటిదే మరోటి దొరికితే సాక్ష్యం. నాకూ అదే పరీక్ష పెట్టు. అమ్మ దగ్గర మరచెంబు నిండా పావు అణాలున్నాయి.

బావ: అత్తయ్య చెంబులో 1940వి ఎన్ని ఉంటాయి?

బావమరిది: ఎవరు లెక్కపెట్టారు? పద ఇంటికి. భూతద్దం నేను తెస్తాను.

బావ: ఒకటి రెండు దొరికినా లాభం లేదయ్యా. వదులైన డై నాలుగు దెబ్బలు ఒకే తీరున పడుతుందని ఇందాక నువ్వే అన్నావు.

బావమరిది: ఐదోది దొరికితే?