బావగారి ప్యాకింగు

మా బావగారు బొమ్మ వేస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఓ మూల కూర్చుని ఆయన పనేదో ఆయన చూసుకుంటారు. ఆ బొమ్మని పార్సిల్ చేయాల్సి వచ్చినప్పుడే ఇల్లు పీకి పందిరేస్తారు.

ఈసారి వెళ్లాల్సింది చెరువు బొమ్మ. చిన్న అల కూడా లేని నున్నటి చెరువు, నిండా అక్రిలిక్ నీలం. పాత స్నేహితుడు ముచ్చటపడి అడిగాడట. వేలితో తడిమి, "అంటుకోవట్లేదు, ఆరిపోయింది" అని బావగారు తీర్పు చెప్పేశారు. ఆరడం వేరు, గట్టిపడడం వేరు. అక్రిలిక్ అసలే ప్లాస్టిక్ జాతి. కాస్త వేడి తగిలితే మెత్తబడి, తనకి ఆనుకున్నదాని అచ్చు దింపేసుకుంటుంది. అందుకే రంగు మీద ముందు గ్లాసిన్ లాంటి నున్నటి కాగితం కప్పి, దానిపైన బబుల్ ర్యాప్‌ని బుడగలు బయటికి ఉండేలా చుట్టాలంటారు. ఆ మాటే అన్నాను.

"బుడగలు బయటికుంటే సుఖం ఎవరికోయ్? పరుపు తిరగేసి పడుకుంటామా?" అన్నారు. అక్కయ్య నాకేసి చూసి, ఊరుకోరా అన్నట్టు తలూపింది.

నిజానికి ఈ బబుల్ ర్యాప్ పుట్టుకే ఓ తమాషా. 1957లో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు రెండు ప్లాస్టిక్ కర్టెన్లు కలిపి అతికిస్తే మధ్యలో గాలి బుడగలు మిగిలాయి. దాన్ని గోడలకి అంటించే వాల్‌పేపర్‌గా అమ్మాలని చూశారు. ఎవరూ కొనలేదు. గోడెక్కాలన్న కోరిక దానికింకా చావలేదేమోనని నా అనుమానం.

ఇక టేపు. టేపు చుట్ట కొస ఎక్కడుందో కనిపెట్టడం మనిషి చేతిలో పని కాదు. బావగారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి, చుట్టని లైటుకి ఎత్తిపట్టి, గోరుతో గీరుకుంటూ నెమ్మదిగా తిప్పారు. కొస దొరికింది. సంబరంగా లాగితే దారమంత పీలిక ఊడొచ్చి, అసలు కొస మళ్లీ మాయం. ఈసారి పిల్లవాడు కనిపెట్టాడు. బావగారు బారెడు టేపు లాగేసరికి అది మెలిక పడి తనకి తనే అతుక్కుంది, మిగిలింది ఆయన మోచేతికి. మోచెయ్యి విడిపించుకునేలోపు పిల్లలు పక్కనున్న బబుల్ ర్యాప్‌లో సగం బుడగలు టప్‌టప్‌మని పేల్చేశారు.

పెట్టె విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. అట్టతో నాలుగు మూలలకీ తొడుగులు కత్తిరించారు, బొమ్మకి చుట్టూ 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, పెట్టె ఊపినా కదలకుండా కాగితం ఉండలు కూరారు. పైన చీటీ ఊడిపోతే పనికొస్తుందని లోపల కూడా అడ్రసు పెట్టడం మంచిదని ఎక్కడో విన్నారట. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి లోపల పెట్టారు. అన్ని వైపులా టేపు బిగించేశాక, "ఇంతకీ పైన ఏం రాశారు?" అని అక్కయ్య అడిగింది. స్నేహితుడి అడ్రసు తెలిసింది ఆ చీటీకి ఒక్కదానికే. ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లక పెట్టె మళ్లీ కోశారు. టేపుతో రెండో యుద్ధం గురించి చెప్పను.

పార్సిల్ మండుటెండల్లో ప్రయాణం చేసి చేరింది. స్నేహితుడి ఫోన్ వస్తే బావగారు స్పీకర్లో పెట్టారు.

"చెరువు మీద వాన మొదలయ్యే క్షణం భలే పట్టేశావయ్యా! నీళ్ల నిండా చినుకులు పడ్డ గుండ్రాలే! ఒక్కచోట కూడా బ్రష్షు గీత లేదు. ఎలా వేశావు?"

బావగారు నాకేసి చూశారు. నేను గోడకేసి చూశాను.

"ఏళ్ల సాధన" అన్నారాయన గంభీరంగా.

వాళ్ల అల్లుడికీ అలాంటిదే ఒకటి కావాలట, వాన ఇంకాస్త జోరుగా ఉంటే మంచిదట. ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించి, బావగారు గొంతు తగ్గించి అడిగారు:

"ఏమోయ్, దాంట్లో పెద్ద బుడగల రకం కూడా ఉంటుందటగా?"