అడుగు దూరంలో ఉన్న మెషీన్‌కి బ్లూటూత్ ఎందుకండీ?

మొహమాటం లేకుండా చెప్తున్నా. కంప్యూటర్‌లో వేసిన డిజైన్ ప్రకారం వినైల్ (స్టిక్కర్ షీటు), కార్డ్‌స్టాక్ (దళసరి కాగితం) కోసే ఈ కటింగ్ మెషీన్ల విషయంలో బ్లూటూత్‌ని నమ్ముకుని ఎవరికీ టైమ్ మాటివ్వకండి. మెషీన్ ఉండేది టేబుల్ మీద, ల్యాప్‌టాప్ ఉండేదీ అదే టేబుల్ మీద. ఆ అడుగు దూరానికి గాల్లో సిగ్నల్ పంపాలట! అట్టపెట్టె మీద మాత్రం "వైర్‌లెస్" అని అరచెయ్యంత అక్షరాలు.

శ్రావణమాసం వస్తే చాలు, మా క్రాఫ్ట్ గ్రూపులో ఇదే గోల. "అక్కా, మెషీన్ కనెక్ట్ అవట్లేదు, పొద్దున్నకల్లా వ్రతం రిటర్న్ గిఫ్ట్ ట్యాగులు ఇవ్వాలి." కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి మేడమ్ అంటారు. మా మెషీన్ కంపెనీ వాళ్లూ (పేరెందుకులెండి) అదే పాఠం చదివారు. ఆఫ్ చేశా, ఆన్ చేశా, యాప్ పీకేసి మళ్లీ వేశా. చివరికి "మీ ల్యాప్‌టాప్‌లో ప్రాబ్లమ్ ఉంది" అన్నారు. ల్యాప్‌టాప్ వాళ్లని అడిగితే "మెషీన్ వాళ్లని అడగండి" అన్నారు. మధ్యలో ఆర్డర్ ఇచ్చినావిడ ఫోన్లు.

ఆ ఫోన్‌లో వాళ్లు చెప్పాల్సింది, చెప్పనిది ఇక్కడ రాస్తున్నా.

నేను చూసినంతలో ఎక్కువసార్లు దొంగ మన ఫోనే. పోయిన వారం ఫోన్ నుంచో పిల్లల ట్యాబ్ నుంచో ఏదో చిన్న స్టిక్కర్ కోసుంటారు. ఆ యాప్ వెనకాల ఇంకా తెరిచే ఉంటుంది. మనం మెషీన్ ఆన్ చెయ్యగానే పక్క గదిలో ఉన్న ఆ ట్యాబ్ ముందు వెళ్లి పట్టేసుకుంటుంది. మెషీన్ ఒకసారి ఒకరితోనే మాట్లాడుతుంది కాబట్టి ఇక ల్యాప్‌టాప్ ఎంత పిలిచినా పలకదు. ఇంట్లో మిగతా అన్నిటిలో బ్లూటూత్ కట్టేసి చూడండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

రెండోది, విండోస్‌లో "పెయిర్డ్" (రెండిటికీ పరిచయం అయింది) అని మాత్రమే కనిపిస్తుంది, "కనెక్టెడ్" అని రాదు. అది చూసి కంగారుపడి అన్‌పెయిర్ చేసేస్తారు. అక్కర్లేదండీ. చాలా మెషీన్లు హెడ్‌ఫోన్స్‌లాగా ఎప్పుడూ అతుక్కుని ఉండవు. డిజైన్ యాప్ తెరిచి మెషీన్‌ని ఎంచుకున్నాకే అసలు లింకు కలుస్తుంది. పెయిర్డ్ అని ఉంటే అక్కడితో వదిలెయ్యండి.

అసలు లిస్టులోనే మెషీన్ పేరు రాకపోతే, అదీ విండోస్ 11 అయితే, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో డివైసెస్, కిందికి వస్తే "బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ" అని ఉంటుంది. డిఫాల్ట్‌లో ఉన్నదాన్ని అడ్వాన్స్‌డ్‌కి మార్చండి. డిఫాల్ట్‌లో మామూలు హెడ్‌సెట్లూ కీబోర్డులే చూపించి మిగతావాటిని దాచేస్తుంది. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, వాళ్లని తీసుకొచ్చి మా టేబుల్ ముందు కూర్చోబెట్టాలి. పిన్ అడిగితే చాలా మెషీన్లకి 0000.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే పర్మిషన్లు చూడండి. 12 నుంచి "నియర్‌బై డివైసెస్" అని వేరే పర్మిషన్ వచ్చింది. అంతకంటే పాత ఫోన్లలో లొకేషన్ ఆన్‌లో లేకపోతే బ్లూటూత్ వెతకడమే జరగదు. స్టిక్కర్ కొయ్యడానికి నా లొకేషన్ ఎందుకని తిట్టుకుంటూ "డినై" కొడతాం కదా, మరి తిట్టుకుంటూనే "అలౌ" కొట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మధ్యలో తెగిపోతుందంటే గాల్లో రద్దీ. బ్లూటూత్, పాత వైఫై బ్యాండ్, వంటింట్లో మైక్రోవేవ్, మూడూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి. బ్లూటూత్ తెలివిగా సెకనుకి 1600 సార్లు ఛానెల్ మారుస్తూ తప్పించుకుంటుంది, నిజమే. కానీ మన అపార్ట్‌మెంట్లలో ఫ్లోరుకి నాలుగు రూటర్లు. కనీసం మన ల్యాప్‌టాప్ వైఫై అయినా 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకుంటే కొంత ఊపిరి. ఇంకోటి చాలామందికి తెలీదు. ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్ట్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ ముక్క) పెట్టి, పక్క పోర్ట్‌లోనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ గుచ్చుతారు. ఆ యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో గోల సరిగ్గా ఈ 2.4 మీదే పడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో పేపర్ రాసి ఒప్పుకున్న సంగతి ఇది. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో కాస్త దూరం జరిపితే చాలు.

మన తెలుగు పేర్లు కోసేటప్పుడు ఈ తెగడం ఇంకా నరకం. ఇంగ్లీషులో అయితే నిలువు గీత, అడ్డగీత, అయిపోయింది. అదే "లక్ష్మి" కొయ్యండి. ల చుట్టు తిరిగింది, క్ష మెలిక తిరుగుతోంది, కింద మ వత్తు దగ్గరికి బ్లేడు వచ్చింది, టక్కున ఆగింది. స్క్రీన్ మీద "మెషీన్ డిస్‌కనెక్టెడ్". గోల్డ్ వినైల్, అదీ ఆఖరి షీటు. ఇలాంటప్పుడు ఒక్క పని చెయ్యొద్దు: కోపంలో, మ్యాట్‌ని (షీటు అతికించే పలకని) బయటికి తోసే అన్‌లోడ్ బటన్ నొక్కొద్దు. మ్యాట్ కదలకపోతే మళ్లీ కనెక్ట్ చేసి అదే డిజైన్ మొదటి నుంచి పంపితే సాధారణంగా అవే గీతల మీద వెళ్తుంది. మ్యాట్ బయటికి వచ్చిందా, ఆ షీటు బుట్టదాఖలే.

సరే, ఇవన్నీ మనమెందుకు నేర్చుకోవాలి అన్నది నా అసలు కోపం. వేలకు వేలు పోసి కొన్నది మామిడాకుల డిజైన్లు కోసుకోవడానికా, రేడియో ఇంజనీరింగ్ చదవడానికా? కేబుల్ ఉంటే ఈ పోస్టులో ముప్పావు వంతు అక్కర్లేదు. నా మెషీన్‌కి వెనకాల ప్రింటర్‌కి ఉండేలాంటి చతురస్రం పోర్ట్ ఉంది. ఆ వైరు పెట్టాక గోలంతా పోయింది. ఒక్కటే జాగ్రత్త, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లు ఉంటాయి, వాటిలో డేటా పోదు. ప్రింటర్ వైరు అని అడిగి తెచ్చుకోండి.

ఆ పోర్ట్ కూడా తీసేస్తున్నారు, అదీ బాధ. క్రికట్ అనే కంపెనీ చిన్న కటింగ్ మెషీన్ "జాయ్" 2020లో వచ్చినప్పుడు బ్లూటూత్ తప్ప కంప్యూటర్‌కి కలిపే ఇంకో దారి లేదు. నాది ఆ కంపెనీది కాదు, దానితో నాకు గొడవేమీ లేదు. చిన్నది, బ్యాగులో పడుతుంది, సరదాకి బాగానే ఉంటుంది. కానీ రోజూ ఆర్డర్లు చేసేవాళ్లకి వెనకదారి లేని ఇల్లు నేను కొనమనను.

మనం అరిస్తే ఎవరు వింటారు అనకండి. అదే క్రికట్ 2021 మార్చిలో, చందా కట్టనివాళ్లు నెలకి 20 డిజైన్లే అప్‌లోడ్ చేసుకోవాలని ప్రకటించింది. ప్రపంచంలో ఉన్న క్రాఫ్ట్ ఆడవాళ్లంతా దుమ్మెత్తిపోసేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కేబుల్ విషయంలో మాత్రం ఎవరూ అంత గట్టిగా అడగట్లేదు, ఎందుకంటే ఎవరికి వాళ్లు "నాకే రావట్లేదేమో" అనుకుని ఊరుకుంటున్నారు.

కొనేముందు షాపులో రంగులు చూడటం ఆపి మెషీన్ వెనక్కి తిప్పండి. యూఎస్‌బీ పోర్ట్ ఉందా అని అడగండి. "ఇప్పుడంతా వైర్‌లెస్సే మేడమ్" అని నవ్వితే, అక్కడే మీ ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేసి ఒక పేరు కోసి చూపించమనండి. తెలుగులో.