ఒకే ఒరలో రెండు కొలుములు

ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో గేములు ఆడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు ఆట తప్ప వేరే పని ఉండదు. రెండు కార్డులు పెట్టుకున్న నాకు ఆట ఒక సాకు మాత్రమే. అసలు ఉద్యోగం ఉష్ణోగ్రతలు చూసుకోవడం. శత్రువు ఎదురుగా తుపాకీ గురిపెట్టి నిలబడతాడు, నా చూపేమో స్క్రీన్ మూలనున్న చిన్న అంకెల మీద ఉంటుంది. వాడు కాల్చేస్తాడు. పోతే పోయింది ప్రాణం, పై కార్డు 84 డిగ్రీలు దాటలేదు కదా!

ఒక్కో కార్డు 350 వాట్లు తాగే రకం. రెండూ కలిపి 700, ప్రాసెసర్ వాటా వేరే. ఈ కరెంటంతా బొమ్మలుగా మారిపోతుందని అమాయకులు అనుకుంటారు. లోపలికి పోయిన 700 వాట్లూ చివరికి వేడిగానే తేలతాయి. అంటే నా గదిలో ఉన్నది రంగు లైట్లున్న రూమ్ హీటర్. తీరిక దొరికినప్పుడు గేములు కూడా ఆడిస్తుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తులు నయం, చల్లగానైనా ఉంటాయి. ఇక్కడ రెండు కార్డుల మధ్య వేలు దూరేంత సందు. కింది కార్డు చల్లగాలి పీల్చుకుని, దాన్ని బాగా కాచి వదులుతుంది. పై కార్డు ఫ్యాన్లు నేలచూపులు చూస్తుంటాయి కాబట్టి ఆ కాచిన గాలే దానికి ఊపిరి. 2020లో వచ్చిన ఎన్విడియా వాళ్ల 3090 కార్డునే తీసుకోండి. దాని 24 మెమరీ చిప్పుల్లో సగం వీపు మీదే ఉంటాయి. అలాంటివి రెండు పెడితే కింది దాని కాలే వీపుకు మూతి ఆనించి పైది గాలి పీల్చాలి.

వేడి మితిమీరితే పై కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆటలో ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలను, అంటే ఫ్రేములను, రెండు కార్డులూ వంతులవారీగా గీస్తున్నప్పుడు ఒకటి నీరసిస్తే రెండోది దాని కోసం ఆగక తప్పదు. కింది వాడు పై వాడికి జ్వరం తెప్పిస్తాడు, ఆ జ్వరం తగ్గేదాకా తనూ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటాడు. దీన్నే జంట శక్తి అంటారు.

నివారణోపాయాలకు లోటు లేదు. వేడిని కంప్యూటర్ పెట్టె (కేసు) వెనక నుంచి బయటికి ఊదేసే బ్లోయర్ కార్డులు ఇలా జంటగా పెట్టడానికే నయమని తెలిసినవాళ్లు చెబుతారు. చప్పుడెక్కువని నేను తీసుకోలేదు. తీసుకున్న కార్డులు ఫుల్ స్పీడులో చేసే చప్పుడుకు హెడ్‌ఫోన్స్ కొన్నాను. శాస్త్రీయంగా చూస్తే ఇది కూడా కూలింగ్ పరికరమే. అది పెట్టుకున్నాక ఫ్యాన్లు ఎంత అరిచినా మనసు చల్లగా ఉంటుంది.

కేసు ముందు భాగం మొత్తం గాజు. అందం చూడాలి! గాలి మాత్రం పక్కనున్న సన్నని సందులోంచి దొంగలా దూరాలి. అందుకని పక్క మూత ఊడదీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. అంకెలు తగ్గాయి, దుమ్ము పెరిగింది. ఫ్యాన్ దానికి, చెమట నాకు. గది మూడు డిగ్రీలు వేడెక్కితే కార్డులూ దాదాపు అంతే వేడెక్కుతాయి, బయటికి తోలిన వేడి మళ్లీ ముందు ద్వారంలోంచి చుట్టపుచూపుగా వచ్చేస్తుంది. వాటర్ కూలింగ్ పెట్టినా జరిగేది అదే. పనిచేయని ఉద్యోగిని పీకేయకుండా బదిలీ చేసినట్టు, అది వేడిని చిప్పు మీద నుంచి గదిలోకి బదిలీ చేస్తుంది. కార్డులు సుఖపడతాయి, గది సుఖపడదు.

నిజంగా పనిచేసేది చవకైన చిట్కా: పవర్ లిమిట్, అంటే కార్డు తాగే కరెంటుకు ఉన్న హద్దు, తగ్గించడం. 350 వాట్లను 280కి దించితే వేగం పోయేది కొద్ది శాతమే, వేడి బాగా దిగుతుంది. సెకనుకు గీసే ఫ్రేములకు కూడా ఒక హద్దు పెడితే ఇంకా మంచిది. ఎక్కువ వేగం కోసం రెండో కార్డు కొని, అది బతకడం కోసం రెండింటినీ నెమ్మదిగా నడపమనే ఈ సలహాలో లోపం వెతకడానికి చాలా ప్రయత్నించాను. దొరకలేదు.

ఇంత తపస్సు చేశాక మొన్న ఒక కొత్త గేము పెట్టాను. గంటసేపు ఆడినా కింది కార్డు 38 డిగ్రీలు దాటలేదు, ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. కళ్లు చెమర్చాయి. తర్వాత తెలిసింది, ఎన్విడియా 2021 జనవరి నుంచే కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు, అంటే ఒక్కో గేములో రెండు కార్డులనూ కలిపి పనిచేయించే సెట్టింగులు, చేయడం మానేసిందట. రెండు కార్డులను వాడుకునే ఏర్పాటు గేము చేసినవాళ్లే చేయాలట, వీళ్లు చేయలేదు. చేయకపోతేనేం, 38 అంటే 38! ఫొటో తీసి పెట్టుకున్నాను.

పై కార్డే ఇంకా 71 దగ్గర ఉంది. దాన్ని కూడా ఈ స్థాయికి తీసుకురావడం ఎలాగా అని చూస్తున్నాను.