టికెట్టు చీల్చితే డబ్బు మిగులుతుందట!

పొద్దున వైజాగ్‌లో దిగేసరికి అమ్మ కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. ఆ ఎడమ చెప్పు ఇప్పుడు బీ2 బోగీలో ఏదో బెర్త్ కింద హాయిగా భువనేశ్వర్ వైపు వెళ్తోంది. టికెట్ లేకుండా! 66 ఏళ్ల మనిషిని ప్లాట్‌ఫాం మీద ఒంటి చెప్పుతో నడిపించిన ఘనత నాది. కాదు, మా అన్నయ్యది. కాదు, ఆ రీల్ వాడిది. ముగ్గురం సమానంగా పంచుకుంటాం.

మీ ఫ్యామిలీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది ఆ రీల్. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఒకడు అరుస్తుంటాడు: "ఒకే టికెట్ కొంటున్నారా? మోసపోతున్నారు! మధ్య స్టేషన్ దగ్గర చీల్చి రెండు కొనండి, సగం డబ్బు మిగులుతుంది!" అన్నయ్య దాన్ని గ్రూపులో పడేసి "చూసి నేర్చుకోండి" అని కింద ఒక ముక్క తగిలించాడు. వాడుండేది ఇంగ్లండ్‌లో. అక్కడ ఈ కిటుకు నిజంగానే పనిచేస్తుంది, కాదనను. అక్కడ ఛార్జీ కిలోమీటర్ల లెక్కన కట్టరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి అన్నదాన్ని బట్టి ఒక్కో రేటు. అందుకని కొన్నిచోట్ల నేరుగా వెళ్లే టికెట్ కంటే రెండు ముక్కలు కలిపితే తక్కువ పడుతుంది. మీరెక్కిన రైలు ఆ మధ్య స్టేషన్‌లో ఆగితే చాలు, దిగక్కర్లేదు కూడా. అంతా చట్టబద్ధమే.

మరి మన దగ్గర? దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది. సికింద్రాబాద్ నుంచి వైజాగ్ దాదాపు 700 కిలోమీటర్లు. దాన్ని విజయవాడ దగ్గర నరికితే రెండు 350లు అవుతాయి, రెండూ ఎక్కువ రేటులోనే పడతాయి. పైగా థర్డ్ ఏసీకి రిజర్వేషన్ ఛార్జీ 40 రూపాయలు రెండుసార్లు, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ 45 రెండుసార్లు, ఆన్‌లైన్ ఫీజు రెండుసార్లు, వీటిమీద జీఎస్టీ. సొరకాయను రెండు ముక్కలు చేసి అమ్ముతున్నారంటే ముక్కకు ధర తగ్గించి అమ్ముతారా ఎవరైనా? ఈ పాటి బుద్ధి నాకు బుక్ చేసేటప్పుడు లేదు. నేరుగా వెళ్లే టికెట్ వెయిటింగ్ లిస్ట్ చూపించింది, ముక్కలు చేస్తే ఆకుపచ్చగా అవైలబుల్ అని కనబడింది. చెవిలో ఆ కళ్లద్దాల వాడు అరుస్తూనే ఉన్నాడు. నొక్కేశాను. ఇద్దరికీ కలిపి మూడొందల చిల్లర ఎక్కువైందని తీరిగ్గా రైలెక్కాక లెక్కేసుకున్నాను.

ఆ ఆన్‌లైన్ ఫీజు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను, మళ్లీ మర్చిపోతాను. నా ఫోను, నా డేటా, నా వేలు. గుమాస్తా లేడు, కౌంటర్ లేదు, టికెట్ అచ్చేసే కాగితం కూడా లేదు. అయినా ఏసీ టికెట్‌కి 30, యూపీఐతో కడితే 20, దానిమీద పన్ను. క్యూలో నిలబడనందుకు జరిమానా అన్నమాట. సరే.

అసలు తమాషా అర్ధరాత్రి. మొదటి టికెట్‌లో బీ2, 17, 20, రెండూ లోయర్. అమ్మ మోకాళ్లకు నూనె రాసుకుని, దుప్పటి ముసుగేసి నిద్రపోయింది. పన్నెండు నలభైకి విజయవాడ. "ఇక్కడ ఈ బెర్తులకు వేరేవాళ్లు ఎక్కుతారమ్మా, మీది రెండో పీఎన్ఆర్, బీ5కి మారాలి" అన్నాడు టీటీఈ. పాపం ఆయన మర్యాదగానే చెప్పాడు. అదే రైలు, అవే చక్రాలు, మేం మాత్రం మారాలి. లేపాను. కళ్లద్దాలు ఎక్కడున్నాయో వెతికింది, పెట్టుకుంది. ఫోను లైటు వేసుకుని ఆ నడవలో బయల్దేరాం. సైడ్ బెర్తుల మీంచి బయటికి వేలాడుతున్న కాళ్లు, ఒక్కో కాలిని నేను చేత్తో పక్కకు జరుపుతుంటే వెనకాల అమ్మ ఒక్కొక్కరికీ "సారీ నాయనా, సారీ నాయనా" అంటూ నడుస్తోంది. భుజాన చేతిసంచి, చంకలో దిండు. దిండు ఎందుకే అంటే "అక్కడ ఇస్తారో ఇవ్వరో" అంది. బీ3 దాటాం, బీ4 దాటాం. బీ5లో మాకు దక్కినవి 35, 38. రెండూ అప్పర్లే! కింద బెర్త్‌లో ఉన్న కుర్రాడు అమ్మను చూసి మాట్లాడకుండా లేచి పైకెక్కాడు. ఆ పిల్లాడు చల్లగా ఉండాలి. చెప్పు పోయిందన్న సంగతి మాత్రం అప్పటికి ఎవరూ గమనించలేదు.

నిజంగా ఉన్న కిటుకులు ఈ రీల్ మహానుభావులు చెప్పరు, ఎందుకంటే వాటిలో మ్యూజిక్ వేసుకునేంత మజా లేదు. చార్ట్ తయారయ్యాక మిగిలిన బెర్తులకు మూల ఛార్జీలో 10 శాతం తగ్గింపు ఉంటుంది. 2017 నుంచీ ఉంది, ఎంతమందికి తెలుసు? ఇక థర్డ్ ఏసీలో ఎంత దగ్గరికి వెళ్లినా కనీసం 300 కిలోమీటర్ల ఛార్జీ వేస్తారు. విజయవాడలో ఎక్కి రాజమండ్రిలో దిగేవాడు రెండింతల దూరానికి కడుతున్నాడు. కాబట్టి పగటిపూట ఆ కాస్త దూరానికి ఏసీ ఎందుకయ్యా అని ఎవడైనా చెబితే అది కిటుకు. మధ్య ఊళ్ల కోటా చిన్నది కాబట్టి రైలు బయల్దేరే ఊరి నుంచే టికెట్ తీసుకుని, బోర్డింగ్ మార్చుకుని, ఎక్కని దూరానికి డబ్బు కట్టేవాళ్లు మనలో ఎంతమంది లేరు? దాన్ని కూడా "ట్రిక్" అనే పిలుస్తాం. ఖాళీ బెర్త్ మీద గాలి ప్రయాణం చేయడానికి మన డబ్బు.

మనం పది రూపాయలు మిగుల్చుకుంటే అది లొసుగు. రైల్వే వాళ్లు చేస్తే దానికి పాలసీ అని పేరు. 2016 సెప్టెంబర్‌లో రాజధాని, శతాబ్ది, దురంతోలకు ఫ్లెక్సీ ఫేర్ పెట్టారు. పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా, ఒక హద్దు దాకా, ఛార్జీ పది శాతం ఎక్కుతుంది. కరోనా తర్వాత పాసింజర్ బండ్లను స్పెషల్ అని పేరు మార్చి 10 రూపాయల కనీస ఛార్జీని 30 చేశారు. అవే బోగీలు, ప్రతి స్టేషన్‌లోనూ అదే ఆగడం. మళ్లీ 10 అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. ఇంతకంటే పెద్ద కిటుకు ఏ కళ్లద్దాల వాడికి వస్తుంది?

నాకు మండేది ఇంకోటుంది. 58 దాటిన ఆడవాళ్లకు టికెట్‌లో 50 శాతం, 60 దాటిన మగవాళ్లకు 40 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చి 20న ఆపేశారు. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, ఆ రాయితీ మాత్రం ఇప్పటికీ క్వారంటైన్‌లోనే ఉంది. అమ్మకు అది అందింది రెండేళ్లే. అదే ఉండి ఉంటే ఏ రీలూ చూడకుండా, ఏదీ చీల్చకుండా సగం ఛార్జీకి పడుకుని వచ్చేది కదా!

ఇదంతా పొద్దున గ్రూపులో రాస్తే అన్నయ్య జవాబు: "నువ్వు సరిగ్గా చేసుండవు." ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు రైల్వే మీద ఉన్న కోపం కూడా పోయింది. ఇన్ని టికెట్ కిటుకులు తెలిసిన మనిషి పోయినేడు నాన్న ఆబ్దికానికి రాలేదు. ఎందుకంటే టికెట్లు ఎక్కువున్నాయట! అమ్మను ఆస్పత్రికి తిప్పేదానికి, మందులు తేవడానికి, అర్ధరాత్రి మూడు బోగీలు దాటించడానికి మాత్రం ఏ కిటుకూ లేదు. ఎవరో ఒకరు పక్కన ఉండాలంతే.

అమ్మకు నా ఫోను ఇచ్చి చదవమన్నాను. చదివి, "వాడు మంచికే పంపాడులేవే, పోనీ" అంది. పిన్ని వాళ్ల బాత్రూమ్ చెప్పులేసుకుని వరండాలో కూర్చుని తన ఫోన్లోంచి వాడికి వాయిస్ మెసేజ్ పెట్టింది. "బాగా వచ్చాం నాన్నా, నువ్వు చెప్పినట్టే చేసింది చెల్లి, టికెట్ చవగ్గానే పడింది." బ్లూ టిక్కులు కూడా వచ్చేశాయి. ఈ పోస్టు కూడా వాడు చదువుతాడు. చదవనీ.