డిస్ప్రిన్ వేసుకుని పడుకోమంటున్న మెసేజ్‌కు జవాబు

బెంగళూరులో మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మారతహళ్లిలో ఉండే మా పిన్ని పంపింది, ఆఫీసువాళ్లూ పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వస్తే కంగారుపడొద్దు, అది గ్యాస్ తలకెక్కడమో బీపీయో. చేతులూ కాళ్లూ ఆడుతూ, మాట సరిగ్గా ఉంటే మెదడుకేమీ కానట్టే. డిస్ప్రిన్ నీళ్లలో కరిగించి తాగి పడుకోండి, తగ్గితే భయం లేదు. పక్షవాతం అనుమానముంటే పది వేళ్ల కొసలూ సూదితో గుచ్చండి. ఆసుపత్రికెళ్తే స్కాన్ పేరుతో దోచుకుంటారు, పైగా రేడియేషన్.

తలనొప్పుల్లో చాలావరకు ప్రాణం మీదికి రానివే, అది నిజమే. కానీ ఈ మెసేజ్ మాట్లాడుతున్నది ‘ఉన్నట్టుండి’ వచ్చే నొప్పి గురించి. సరిగ్గా ఆ రకం గురించే ఇలా చెప్పకూడదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది ‘చేతులూ కాళ్లూ ఆడుతుంటే ఏమీ లేనట్టే’ అనడం. మెదడు అడుగున రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది, దాన్ని అన్యూరిజం అంటారు. అది చిట్లినప్పుడు రక్తం చాలాసార్లు మెదడులోకి కాక, దాని చుట్టూ ఉన్న పొరల మధ్యకు చేరుతుంది. ఇదే సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్. చేయి కదిపే భాగం, మాట పలికించే భాగం అప్పటికి బాగానే ఉండొచ్చు. తన కాళ్ల మీద నడిచొచ్చి, పేరూ వయసూ చెప్పి కుర్చీలో కూర్చున్న మనిషి తలలో కూడా రక్తం కారుతూ ఉండొచ్చు. అందుకే డాక్టరు నొప్పి ఎంత ఉందని అడిగి ఊరుకోరు, ఎంతసేపట్లో ఆ స్థాయికి చేరిందని అడుగుతారు. పిడుగు పడ్డట్టు వచ్చి, నిమిషంలోపే పతాకస్థాయికి చేరితే అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన నొప్పి. మెడ బిగుసుకోవడం, వాంతి, క్షణకాలం స్పృహ తప్పడం తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. బరువెత్తినప్పుడు రావచ్చు, ఊరికే కూర్చున్నప్పుడూ రావచ్చు. భార్యాభర్తలు కలిసినప్పుడు మొదలైన నొప్పైతే చాలామంది సిగ్గుపడి డాక్టరుకు కూడా చెప్పరు. చెప్పాలి. చిట్లిన చోట మళ్లీ రక్తం కారే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ, రెండోసారి కారితే బతకడం మరింత కష్టం. ఆ 24 గంటలూ ఈ మెసేజ్ నిద్రపోమంటోంది.

ఇక డిస్ప్రిన్. అది ఆస్పిరిన్. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, ప్లేట్‌లెట్లు, ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది, అంటే కారుతున్న రక్తం ఆగడం కష్టమవుతుంది. గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతానికి ఆస్పిరిన్ ఇస్తారు కదా అంటారేమో. ఇస్తారు, స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక ఇస్తారు. ఇంట్లో సోఫాలో కూర్చుని అది తేల్చే దారి లేదు. గుండెజబ్బుకు ఇప్పటికే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతున్నవాళ్లు ఆ మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లాలి.

మాత్రతో తగ్గితే భయం లేదన్నదీ తప్పే. రక్తస్రావం వల్ల వచ్చిన నొప్పి కూడా మాత్రకు కొంత తగ్గొచ్చు.

బీపీ సంగతి తిరగేసి చూడాలి. భరించలేని నొప్పిలో ఎవరికైనా బీపీ పెరుగుతుంది. మెషిన్‌లో అంకె చూసి నాన్నగారి బీపీ మాత్ర మింగించేస్తే, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి మెదడుకు అందే రక్తం తగ్గొచ్చు.

గ్యాస్ తలకెక్కే జబ్బంటూ లేదు. కానీ బెంగళూరు బాత్‌రూముల్లోని గ్యాస్ గీజర్ల గురించి ఒక మాట. గాలి ఆడని గదిలో వాటి నుంచి వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. స్నానంలో తలనొప్పి, తల తిరుగుడు మొదలైతే, లేదా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే, ముందు బయట గాలిలోకి రావాలి. ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

సూది గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేలికొసన చుక్క కారితే మెదడులో ఏదీ మారదు. పక్షవాతం తెచ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలు, పది వేళ్లూ గుచ్చుతూ కూర్చుంటే కరిగేది ఆ సమయమే.

స్కాన్ దోపిడీ అన్న కోపం నాకూ అర్థమవుతుంది, అనవసరపు పరీక్షలు రాసేవాళ్లు లేరని నేననను. కానీ ఇక్కడ లెక్క వేరు. నొప్పి మొదలైన 6 గంటల్లోపు మంచి మెషిన్‌లో సీటీ స్కాన్ తీస్తే ఈ రక్తస్రావం దాదాపు తప్పించుకోదు. ఆలస్యమయ్యేకొద్దీ రక్తం పలచబడి సీటీకి కనిపించకపోవచ్చు, అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి వస్తుంది. స్కాన్ తప్పించుకుందామని ఆగినవాళ్లకే పరీక్షలు పెరుగుతాయి. తల సీటీలో పడే రేడియేషన్, ప్రకృతిలో మనకు ఏడాదికి ఎలాగూ తగిలేదానికి దగ్గరగా ఉంటుంది. ఖర్చే భయమైతే హోసూర్ రోడ్డులో మెదడు, నరాల జబ్బులు చూసే ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది, ఎమర్జెన్సీ 24 గంటలూ పనిచేస్తుంది. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్ల తెలుగు అక్కడ మామూలే. అయితే మీరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటే, పక్కనే సీటీ ఉన్న ఆసుపత్రిని వదిలి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో చిక్కుకోవద్దు.

మెసేజ్‌లో బాలింతల ఊసే లేదు. మనవణ్ణి చూసుకోవడానికి ఊరినుంచి వచ్చిన అమ్మమ్మలు ‘గాలి తగిలింది’ అని చెవుల్లో దూది పెట్టి సరిపెడుతుంటారు. కాన్పయిన ఆరు వారాల్లోపు కొత్తగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, కాన్పు తర్వాత పెరిగిన బీపీ వల్లా కావచ్చు. చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా అసలే ఆగకూడదు. జ్వరంతో మెడ బిగుసుకున్నా, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా అంతే.

బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి, స్పృహ తప్పితే పడిపోతారు. 108కి ఫోన్ చేయండి. కన్నడం రాకపోతే ‘ఇద్దక్కిద్దంతె తలెనోవు’ అంటే చాలు, ఉన్నట్టుండి తలనొప్పి అని వాళ్లకు తెలుస్తుంది. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి పెట్టుకోండి, అక్కడ మొదట అడిగేవాటిలో అదొకటి. డాక్టరు చూసేదాకా తాగడానికీ తినడానికీ ఏమీ ఇవ్వొద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండటం మంచిది.