నాటకానికి ప్రదర్శన అవసరమా?

ఔత్సాహిక నాటక సమాజాల అభ్యున్నతి కోరి ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. పాత్రల పంపకం ఉండాలి. రిహార్సళ్ళు ఉండాలి. అలకలు, రాజీలు, దర్శకుడి రాజీనామా, మర్నాడు దాని ఉపసంహరణ, అన్నీ యథాతథంగా ఉండాలి. ప్రదర్శన ఒక్కటి రద్దు చేయాలి.

తొందరపడి నవ్వకండి, బాగా ఆలోచించే అంటున్నాను. నెలల తరబడి సలక్షణంగా సాగిన నాటకం ఒక్క సాయంత్రంలో పాడైపోతోందంటే దానికి కారణం ప్రదర్శనే. రిహార్సల్‌లో డైలాగ్ మర్చిపోతే "మళ్ళీ మొదటి నుంచి" అనొచ్చు. జనం ముందు అనలేం. (అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ధైర్యానికి నమస్కారం.) రిహార్సల్‌లో చచ్చిపోయిన పాత్రకు తుమ్మొస్తే అందరూ నవ్వుకుని మళ్ళీ చంపుతారు. ప్రదర్శనలో అదే తుమ్ము వస్తే విషాదాంతం కాస్తా హాస్య నాటిక అవుతుంది, రచయిత నెల రోజులు మంచం దిగడు.

ఈ రోగం ప్రాచీన గ్రీసులో మొదలైంది. క్రీ.పూ. 534లో ఏథెన్స్‌లో థెస్పిస్ అనే అతను విషాద నాటకాల పోటీలో బహుమతి కొట్టాడని చెబుతారు. అప్పటిదాకా అందరూ ఒక్క గొంతుతో పాడే బృందంలోంచి అతనొక్కడూ విడివడి, ఇంకొకరి వేషంలో మాట్లాడాడట. ప్రపంచం అతన్ని తొలి నటుడని కొనియాడింది. వెనక వరసలో నిలబడిపోయినవాళ్ళ గురించి మాత్రం చరిత్రలో ఒక్క ముక్క లేదు. "నేనూ చేసేవాణ్ణే, నాతో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు" అని ఆ రోజు వాళ్ళు మొదలుపెట్టి ఉంటారు. ఆ గొణుగుడు ప్రతి సమాజంలోనూ ఈనాటికీ వినిపిస్తూనే ఉంది.

అసలు నాటకం పాత్రల పంపకం దగ్గరే మొదలవుతుంది. షేక్‌స్పియర్ 1595 ప్రాంతంలో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో బాటమ్ అనే నేతపనివాడు, తోటి పనివాళ్ళతో కలిసి ప్రభువుగారి పెళ్ళికి నాటకం వేయబోతాడు. నాయకుడి వేషం అతనికే ఇచ్చారు. అయినా చాలదు, నాయిక వేషమూ తానే కడతానంటాడు. సింహం వేషం కూడా తనకే ఇమ్మంటాడు. తన గర్జన విని ప్రభువు "మళ్ళీ గర్జించు" అంటాడని అతని నమ్మకం. చివరికి సింహం వేషం దక్కించుకున్న స్నగ్ ఇంకో తరహా మనిషి. సింహం డైలాగులు రాసి ఉంటే ముందే ఇచ్చేయండి, నాకు పాఠం త్వరగా ఎక్కదు అంటాడు. పాపం, ఉన్నదల్లా గర్జనే. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఔత్సాహిక నటుల్లో మూడో రకం పుట్టలేదు. అన్ని వేషాలూ నాకే అనేవాడు ఒకడు, గర్జనకు కూడా స్క్రిప్ట్ అడిగేవాడు ఇంకొకడు.

చిన్న పాత్రలుండవు, చిన్న నటులే ఉంటారు అనే మాట రంగస్థలం మీద బాగా చెలామణీలో ఉంది. గమనించండి, ఆ మాట అనేది ఎప్పుడూ పెద్ద పాత్ర దొరికినవాడే.

నాకు తెలిసిన ఒక సమాజంలో ఒకాయనకు భటుడి వేషం వచ్చింది. డైలాగ్ ఒక్కటే: "మహారాజా, లేఖ వచ్చింది." ఇవ్వాలి, దణ్ణం పెట్టాలి, వెళ్ళిపోవాలి. ఆయన నటన మీద పుస్తకాలు చదివిన మనిషి. మొదటి రిహార్సల్‌లోనే చెయ్యెత్తాడు. "సార్, నేను గుర్రం మీద వచ్చానా, నడిచొచ్చానా?" దర్శకుడు విననట్టు ఊరుకున్నాడు. మర్నాడు మళ్ళీ, "లేఖలో ఏముందో నాకు తెలుసా సార్? తెలిస్తే మొహం ఒకలా పెట్టాలి, తెలియకపోతే ఇంకోలా పెట్టాలి." దర్శకుడు రెండు చేతులూ జోడించి, "లేఖ ఇచ్చి వెళ్ళిపోండి సార్, చాలు" అన్నాడు. ఆయన వెళ్ళాడు గానీ ఊరుకోలేదు. భటుడికి ఒక ఊరు పెట్టాడు. భార్యను, ఇద్దరు పిల్లల్ని, యుద్ధంలో పోయిన తండ్రిని ఇచ్చాడు. గుర్రానికి ముందుకాలు కుంటి చేశాడు. అంత దూరం కుంటి గుర్రం మీద వచ్చినవాడికి ఏ నడుము నొప్పి ఉంటుందో, ఎంత రొప్పు ఉంటుందో ఇంట్లో అద్దం ముందు సాధన చేశాడు. ఇదంతా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు.

ప్రదర్శన రోజున భటుడు వచ్చాడు, రొప్పుతూ లేఖ ఇచ్చాడు. మహారాజు లేఖ విప్పి చూసి, తన తర్వాతి డైలాగ్ మర్చిపోయాడు. స్టేజి పక్కన తెరచాటున, సైడ్ వింగ్‌లో, మర్చిపోయిన డైలాగులు అందించే ప్రాంప్టర్ కంగారుగా పేజీలు తిప్పుతున్నాడు. ఏదో ఒకటి అని కాస్త నెట్టుకొద్దామని మహారాజు గంభీరంగా అడిగాడు: "భటా, ఎక్కడి నుంచి వస్తున్నావు?"

ఆ ప్రశ్న నాటకంలో లేదు. కానీ భటుడు దాని కోసమే అన్నాళ్ళూ ఎదురుచూశాడు. ఊరు పేరు చెప్పాడు. తండ్రి పోయిన సంగతి చెప్పాడు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు జీరపోయింది, ముందు వరసలో ఒకావిడ పైట చెంగు కళ్ళకు అద్దుకుంది. ఈలోపు ప్రాంప్టర్‌కు పేజీ దొరికింది, గట్టిగానే అందించాడు కూడా. వినేవాళ్ళెవరు? ఆఖరికి మహారాజే సింహాసనం దిగొచ్చి, భటుడి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ పళ్ళు కొరుకుతూ వింగ్ దాకా సాగనంపాల్సి వచ్చింది. హాలంతా చప్పట్లు. అవి ఎవరికో మహారాజుకు తెలుసు. ఆయన భటుడితో ఇప్పటికీ మాట్లాడడు.

రిహార్సళ్ళతో ఆపి ఉంటే వాళ్ళిద్దరూ ఈపాటికి వియ్యంకులు అయ్యుండేవారు.

ఇక రిహార్సల్ అనే మహత్తర వ్యవస్థ గురించి. ఇందులో ఎప్పుడూ కథానాయకుడు రాడు. వస్తే కథానాయిక రాదు. ఇద్దరూ వచ్చిన రోజు గది తాళంచెవి ఉన్నవాడు రాడు. రానివాడి డైలాగులు ప్రాక్సీ చదువుతాడు. ప్రాక్సీ అంటే లైట్ల పని మీద వచ్చిన కుర్రాడో, ఎవరినో దింపడానికి వచ్చి ఇరుక్కుపోయిన బావమరిదో. వారం తిరిగేసరికి మొత్తం పోర్షన్ ప్రాక్సీకి నోటికి వచ్చేస్తుంది. కథానాయకుడు మాత్రం ఆఖరి వారంలో కాగితాలు చేత్తో పట్టుకుని వస్తాడు. "ఇక్కడ నాకు మూడ్ రాదండీ, స్టేజి మీద చూడండి" అంటాడు. స్టేజి మీద చూస్తాం. అక్కడా కాగితాల కోసమే వెతుక్కుంటూ ఉంటాడు.

ఆఫీసు పని వల్ల రాలేకపోయానని చెప్పేవాళ్ళ కోసం ఒక మాట. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ న్యాయవాది. పగలు కోర్టులో వాదించి, ఆ పైన నటన చూసుకున్న మనిషి. అంతకు ముందు తరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు దాన్నే తొలి అడుగుగా లెక్కిస్తారు. అది వకీళ్ళ అక్రమాలను ఎండగట్టిన ప్రహసనం. వకీళ్ళ మీద నాటకంతో మొదలైన రంగస్థలానికి అంత పేరు తెచ్చిన ఔత్సాహికుడు వకీలే కావడం న్యాయదేవత చేసిన చమత్కారం. నాకు అసూయ కలిగించేది మాత్రం పంతులుగారి సౌకర్యం. దర్శకుడు గురువు, నటులు శిష్యులు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఏం చేయాలో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పటి దర్శకుడికి ఆ అధికారం లేదు. నటుడు అతని బాస్ అయినా కావచ్చు.

రిహార్సల్ విలువ తెలిసినవాడు రష్యన్ నటుడు, దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ. మన ఔత్సాహికులందరూ ఆయన పేరు చెబుతారు గానీ, ఆయనా ఔత్సాహికుడిగానే మొదలయ్యాడన్న సంగతి మర్చిపోతారు. బంగారు, వెండి జరీ తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న కుటుంబం. ఇంట్లో తెలియకూడదని మారుపేరు పెట్టుకుని నటించాడు. లోకానికి గుర్తున్నది ఆ మారుపేరే. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ మొదలైనప్పుడు ఆయన వెంట వచ్చినవాళ్ళలో పాత ఔత్సాహిక బృందం వాళ్ళున్నారు. అంతటివాడు ఇంగ్లీషు రంగాలంకరణ నిపుణుడు గోర్డన్ క్రెయిగ్‌తో కలిసి 'హామ్లెట్'ను ఏళ్ళ తరబడి తయారుచేశాడు. 1908లో మొదలైన ఆలోచన వేదిక ఎక్కేసరికి 1912 వచ్చింది. క్రెయిగ్ దాని కోసం కదిలే నిలువెత్తు పలకలు రూపొందించాడు. తీరా తొలి ప్రదర్శనకు కాసేపు ముందు ఆ పలకలు ఒకదాని మీద ఒకటి కూలాయని స్టానిస్లావ్‌స్కీ ఆత్మకథలో రాసుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదని క్రెయిగ్ కొట్టిపారేశాడు. అన్నేళ్ళ శ్రమకు అరిష్టం దాపురించడానికి ప్రదర్శన రోజే దొరికిందా? నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. సెట్ కూలిందా లేదా అన్నదాని మీదే మహానుభావులకు ఏకాభిప్రాయం లేనప్పుడు, "స్తంభం ఎవరు తన్నారు" అని మనం కమిటీ వేసుకోవడంలో తప్పేమీ లేదు.

సామాన్ల విషయంలో ఆద్యుడు ఆంద్రే ఆంత్వాన్. పారిస్ గ్యాస్ కంపెనీలో గుమాస్తా. 1887లో ఔత్సాహికుల్ని పోగేసి 'తెయాత్ర్ లిబ్ర్' అనే నాటక సంస్థ మొదలుపెట్టాడు. సెట్టింగుకు డబ్బుల్లేక తల్లి ఇంట్లోని సామాన్లు తోపుడు బండి మీద తోసుకుంటూ తీసుకెళ్ళాడు. యూరప్ నాటకంలో వాస్తవికతకు అదొక పెద్ద మలుపని పండితులు అంటారు. వాళ్ళమ్మ ఆ రాత్రి ఎక్కడ కూర్చుందో పండితులు రాయలేదు. అప్పటి నుంచి నటుల ఇళ్ళలో కుర్చీలకు భద్రత లేదు. దుప్పట్లు రాజుల శాలువాలవుతాయి, ఇత్తడి బిందె అమృతభాండం అవుతుంది, తిరిగొచ్చేటప్పుడు బిందెకు సొట్ట పడుతుంది. మరి ఇదంతా రిహార్సల్‌కు అవసరమా? రిహార్సల్‌లో కుర్చీ ఉందనుకుంటే ఉన్నట్టే.

ప్రేక్షకుల గురించి ఎక్కువ చెప్పను. ఔత్సాహిక నాటకానికి వచ్చే ప్రేక్షకుడు నటుడికి చుట్టమైనా అయ్యుంటాడు, లేదా తర్వాతి నాటకంలో నటుడైనా అయ్యుంటాడు. మొదటివాడు తనవాడు కనిపించినంతసేపు ఫోన్లో వీడియో తీసి, అతను వింగ్‌లోకి వెళ్ళగానే బయటికి వెళ్తాడు. రెండోవాడు చేతులు కట్టుకుని, నవ్వకుండా, చివరిదాకా కూర్చుంటాడు. నాటకం అయ్యాక ఇద్దరూ లోపలికి వచ్చి మొహాన రంగు ఇంకా తుడుచుకోని మనిషితో, "అంత పొడుగు డైలాగులు ఎలా గుర్తుపెట్టుకున్నావయ్యా!" అంటారు. నెలల సాధనకు దక్కే మెచ్చుకోలు జ్ఞాపకశక్తి మీద! నటన బాగా లేనప్పుడు "లైటింగ్ బ్రహ్మాండం" అంటారు. లైటింగ్ కూడా బాగా లేకపోతే "మంచి ప్రయత్నం" అంటారు. ఆ మాట విన్న దర్శకులు కొందరు ఇప్పటికీ కోలుకోలేదు.

ప్రదర్శన పూర్తిగా మానలేమనే మితవాదులకు ఒక మధ్యేమార్గం ఉంది. జర్మనీలో ఒబెరామెర్గౌ అనే ఊరు. 1633లో ప్లేగు వచ్చినప్పుడు, దీని బారి నుంచి కాపాడితే ఏసు క్రీస్తు కడపటి రోజుల నాటకం ఆడుతూ ఉంటామని ఊరివాళ్ళు మొక్కుకున్నారు. 1634లో మొదలుపెట్టారు. ఇప్పుడు పదేళ్ళకోసారి వేస్తారు. ఊరివాళ్ళే నటులు. అక్కడ పుట్టి ఉండాలి, లేదా 20 ఏళ్ళు అక్కడ ఉండి ఉండాలి. ఏడాది ముందు నుంచే జుట్టూ గడ్డమూ పెంచాలి. 2020లో వేయాల్సినదాన్ని ఇంకో మహమ్మారి ఆపితే 2022లో వేశారు. చూశారా వ్యవస్థ! తొమ్మిదేళ్ళు ఏ గొడవా లేకుండా వేషాల గురించి మాట్లాడుకోవచ్చు. పైగా నటన రాకపోయినా గడ్డం తన పని తాను చేసుకుపోతుంది.

నా ప్రతిపాదనను ఒక సమాజం కార్యవర్గం ముందు పెట్టాను. కథానాయకుడు వెంటనే బలపరిచాడు, ఆయనకు పోర్షన్ ఇంకా రాలేదు. దర్శకుడు కూడా సరేనన్నాడు, ఆ రోజు ఆయన రాజీనామాలో ఉన్నాడు. మేకప్ వేసుకుని ఫొటోలు దిగే కార్యక్రమం మాత్రం ఉంచాలని కొందరు సవరణ తెచ్చారు, ఒప్పుకున్నాను. తీర్మానం అయిపోయినట్టే అనుకుంటుండగా వెనక కుర్చీలోంచి ప్రాంప్టర్ లేచాడు. "రిహార్సల్‌లో నన్నెవరూ పట్టించుకోరు. ప్రదర్శన రోజునే గదండీ, నా గొంతు ఆఖరి వరస దాకా వినపడేది? అది తీసేస్తే ఇక నేనెప్పుడు మాట్లాడేది?" అన్నాడు.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. మాట తట్టనప్పుడు అందించేవాడు ఆయనే కాబట్టి అలవాటు కొద్దీ ఆయన వైపు చూశాను. ఆ ఒక్కసారికి మాత్రం ఆయన పెదవి కదపలేదు.