మబ్బులు రాకపోతే అద్దె వాపసా?

అరకులో మా ఇంట్లోనే రెండు గదులు హోమ్‌స్టేగా ఇస్తున్నాం. డిసెంబరు దగ్గరపడుతోందంటే గుండె దడ మొదలవుతోంది.

మొన్న ఒకాయన పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి వచ్చి, మబ్బులు కనిపించలేదు కాబట్టి అద్దెలో సగం వెనక్కి ఇమ్మన్నాడు. వాతావరణం నా చేతిలో ఉంటుందా అండీ? లోయలో తేమ ఉండాలి, రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి పెద్దగా వీచకూడదు. అన్నీ కలిసొస్తేనే కొండ కింద మబ్బులు పాలసముద్రంలా పరుచుకుంటాయి. అంతా ఓపిగ్గా చెబితే, "మరి ఫొటో ఎందుకు పెట్టారు?" అని గొడవ!

నలుగురికని బుక్ చేసుకుని తొమ్మిదిమంది దిగుతారు. "పిల్లలే కదా, సర్దుకుంటారు" అంటారు. అర్ధరాత్రి అన్ని దుప్పట్లు నేనెక్కణ్ణుంచి తేను?

అన్నిటికన్నా కడుపు మండేది బొంగు చికెన్ దగ్గర. పచ్చి వెదురు బొంగు కొట్టి తేవాలి. మసాలా పట్టించిన కోడిమాంసం అందులో కూరి, ఆకులతో మూతి బిగించి, మాడకుండా నిప్పుల మీద తిప్పుతూ కూర్చోవాలి. మధ్యాహ్నమే చెప్పండని తలుపు మీద పెద్దక్షరాలతో అంటించాం. అయినా రాత్రి పదకొండింటికి ఆర్డరు! కుదరదన్నందుకు మా వంటక్క మీద ఒకావిడ నోరు పారేసుకుంది. పొద్దున ఐదింటికి కట్టెలపొయ్యి రాజేసి, వాళ్లందరికీ బకెట్లతో వేడినీళ్లు మోసిన మనిషి మా వంటక్క. ఆ మాటలు విని తట్టుకోలేకపోయాను. పైగా వెళ్తూ వెళ్తూ, ఒక్క స్టారే ఇస్తామని బెదిరింపు.

ఇవ్వండి. ఇకమీదట మా అక్క మీద గొంతు లేపినవాళ్లకి మిగిలిన రోజుల డబ్బు చేతిలో పెట్టి, తెల్లారగానే పంపించేస్తాను.